డిస్‌ప్లే డ్రైవర్ పోతే ఫార్మాట్ ఎందుకు?

స్క్రీన్ సరిగ్గా రావడం లేదని కంప్యూటర్ పట్టుకెళ్తే, ఏమైందో కాస్త చూడకుండానే "ఫార్మాట్ కొట్టేద్దాం, కొత్తదానిలా అయిపోద్ది" అనడం మా వైపు బాగా అలవాటైపోయింది. పర్లాకిమిడిలో అదే మాట, పక్కన పాతపట్నంలో అదే మాట, గుణుపురం వెళ్లినా అదే మాట. నాకు ఇది అస్సలు నచ్చదు. డిస్‌ప్లే డ్రైవర్ అంటే స్క్రీన్ మీద బొమ్మ ఎలా గీయాలో గ్రాఫిక్స్ చిప్‌కి చెప్పే, తీసి మళ్లీ వేసుకోగల ఒక సాఫ్ట్‌వేర్, అంతే. దాని కోసం ఏళ్ల తరబడి చేసుకున్న పనినంతా తుడిచిపెట్టేస్తారా? అందుకే ఈ పోస్టు కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. చిన్న డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఓపిగ్గా చదివితే కనీసం ఒక ఫార్మాట్ అయినా తప్పుతుంది.

మా మావయ్యకి ఇక్కడ డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. సరిహద్దు ఊరు కదా, పెళ్లికొడుకు వాళ్లది ఇటువైపు, పెళ్లికూతురు వాళ్లది అటువైపు, అందుకని ఒకే శుభలేఖలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఒడియా. ఆయన కంప్యూటర్లో ఉన్న సరంజామా చూస్తే తెలుస్తుంది ఫార్మాట్ అంటే ఆయనకి ఎందుకంత భయమో. తెలుగుకి పాత అను ఫాంట్లు, ఒడియాకి ఇంకో సాఫ్ట్‌వేర్, దానికో కీబోర్డు లేఅవుట్, ఎప్పటెప్పటివో కోరల్‌డ్రా ఫైళ్లు. ఇవన్నీ యూనికోడ్ (ఏ ఫాంటులోనైనా ఒక అక్షరానికి ఒకే నంబరు ఉండే పద్ధతి) రాకముందు పద్ధతిలో చేసినవి, అంటే ఫైల్లో ఉన్నది తెలుగు అక్షరం కాదు, ఆ ఫాంటులో ఆ అక్షరం బొమ్మ ఏ స్థానంలో ఉందో ఆ నంబరు మాత్రమే. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే శుభలేఖ నిండా ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి. అవన్నీ మళ్లీ వెతికి, ఎక్కించి, సరిచూసుకోవడమంటే పెళ్లిళ్ల సీజన్లో జరిగే పని కాదు.

ఆయన పెద్ద టవర్ సీపీయూ తీసేసి చిన్న డెస్క్‌టాప్ పెట్టుకున్నారు. జానెడు పొడవు, జానెడు వెడల్పు, రెండు వేళ్ల మందం. థింక్‌సెంటర్ టైనీ, ఆప్టీప్లెక్స్ మైక్రో, ఎలైట్‌డెస్క్ మినీ, ఇలాంటివి ఆఫీసుల్లో వాడి తీసేసినవి రీఫర్బిష్డ్ అని దొరుకుతాయి కదా, ఆ రకం. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, బొమ్మ గీసే గ్రాఫిక్స్ చిప్ విడిగా ఉండదు, ప్రాసెసర్లోనే ఉండే ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ 530. కరెంటు తక్కువ తాగుతుంది, చిన్న యూపీఎస్ మీద కూడా చాలాసేపు నడుస్తుంది, చప్పుడుండదు. మా ఊళ్లో కరెంటు పరిస్థితికి ఇంతకన్నా మంచి మెషీన్ లేదని నా అభిప్రాయం.

అది కాస్త నెమ్మదించిందని వేరే ఊళ్లో ఒక రిపేరు షాపులో ఇస్తే వాళ్లు ఫార్మాట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న డ్రైవర్ ప్యాక్ (రకరకాల మెషీన్ల డ్రైవర్లు కలిపి పెట్టిన మూట) ఒకటి ఎక్కించి ఇచ్చారు. ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉండటం వల్ల బతికిపోయాయి. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే అన్నీ అడ్డంగా సాగిపోయి కనిపిస్తున్నాయి. మళ్లీ వాళ్లకే ఫోన్ చేస్తే "గ్రాఫిక్స్ వీక్ అయింది, బోర్డు మార్చాలి, లేదంటే ఇంకోసారి ఫార్మాట్ చేసి చూద్దాం" అన్నారట. అప్పుడు మావయ్య నాకు ఫోన్ చేశారు. "ఒరే అల్లుడూ, అచ్చరాలన్నీ అడ్డంగా సాగిపోతున్నాయిరా, కార్డు మీద కలశం చూస్తే చట్టిలా అయిపోయింది, ఏటో ఓపాలి వచ్చి చూడు."

నేను వెళ్లి మొదట చేసిన పని కోరల్‌డ్రాలో ఒక పెద్ద సున్న టైప్ చేయడం. తెలుగులో సున్న కన్నా మంచి పరీక్ష లేదు. 1366 బై 768 మానిటర్ (అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768) మీద కంప్యూటర్ 1024 బై 768 పంపిస్తుంటే, మానిటర్ ఆ బొమ్మని లాగి తన వెడల్పంతా నింపుతుంది. లెక్క కడితే మూడు వంతుల్ని నాలుగు వంతులుగా సాగదీస్తుందన్న మాట, అంటే మూడంగుళాల ఎత్తున్న సున్న నాలుగంగుళాల వెడల్పుకి వస్తుంది. స్కేలు పెట్టి కొలిచాం, సరిగ్గా అంతే వచ్చింది. దీంతో ఒక సంగతి ఖాయమైంది. బొమ్మ వస్తోంది, కాబట్టి బోర్డు పోలేదు, రిజల్యూషన్, అంటే ఆ చుక్కల లెక్క, ఒక్కటే తప్పు. ఇంక వెతకాల్సిందల్లా ఆ 1024 ఎక్కడి నుంచి వస్తోందని.

ఇక్కడ కాస్త ఆగి ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే చాలామంది తికమకపడేది ఇక్కడే. పవర్ బటన్ నొక్కగానే కనిపించే కంపెనీ లోగోని గీసేది విండోస్ కాదు, బయాస్, అంటే విండోస్ కన్నా ముందు మెషీన్‌ని లేపే బోర్డు సొంత ప్రోగ్రామ్. అప్పటికి మీ డిస్‌ప్లే డ్రైవర్ ఇంకా నిద్ర కూడా లేవలేదు. కాబట్టి లోగో కూడా రాకుండా స్క్రీన్ నల్లగా ఉంటే డ్రైవర్‌ని తిట్టడం అనవసరం, చూడాల్సింది కేబుల్, అడాప్టర్, ర్యామ్. ఈ చిన్న మెషీన్లలో ల్యాప్‌టాప్ ర్యామ్ ఉంటుంది, ఒక్కోసారి ఊరికే కదిలిపోతుంది. అడాప్టర్ తీసేసి, మూత తెరిచి, ర్యామ్ బయటికి తీసి దాని బంగారు రంగు అంచుని రబ్బరుతో సున్నితంగా రుద్ది, తుడిచి, టక్‌మనేలా మళ్లీ గుచ్చితే సగం కేసులు అక్కడే అయిపోతాయి. లోగో చక్కగా వచ్చి, విండోస్ తిరిగే చుక్కలు కూడా వచ్చి, సరిగ్గా లాగిన్ స్క్రీన్ రావాల్సిన చోట నల్లబడితే అప్పుడు డ్రైవర్‌ని అనుమానించాలి. మావయ్య మెషీన్లో లోగో వస్తోంది, డెస్క్‌టాప్ వస్తోంది. కాబట్టి విండోస్ లోపలికే వెళ్లాం.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ అన్న వరస విప్పి చూడాలి. అక్కడ మామూలుగా మూడు రకాల దృశ్యాలు కనిపిస్తాయి. మీ గ్రాఫిక్స్ పేరు శుభ్రంగా ఉంటే డ్రైవర్ పనిచేస్తున్నట్టే, తప్పు ఇంకెక్కడో ఉంది. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవరే లేదని, విండోస్ తన దగ్గరున్న ఆపద్ధర్మ డ్రైవర్‌తో నెట్టుకొస్తోందని అర్థం. ఇక గ్రాఫిక్స్ పేరు ఉండి దాని మీద పసుపు త్రికోణం ఉంటే, డ్రైవర్ ఉంది కానీ అది మొదలవ్వలేకపోయింది. దాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే కోడ్ నంబరు చెప్తుంది. కోడ్ 43 అంటే పరికరం తనకేదో సమస్య ఉందని చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసింది. కోడ్ 10, కోడ్ 31 లాంటివి కూడా కనిపిస్తుంటాయి, ఎక్కువసార్లు పొంతన కుదరని డ్రైవర్ వేస్తే వచ్చేవే. మావయ్య మెషీన్లో పసుపు త్రికోణం, కోడ్ 43.

ఆపద్ధర్మ డ్రైవర్ మీద నడుస్తున్నప్పుడు ఇంకా కొన్ని లక్షణాలు కనిపిస్తాయి, అవి గుర్తుపెట్టుకుంటే డివైస్ మేనేజర్ తెరవకముందే పట్టేయొచ్చు. రిజల్యూషన్ మార్చే డబ్బా బూడిద రంగులో ఉండి మార్చనివ్వదు, ఎందుకంటే బయాస్ ఆన్ అయినప్పుడు పెట్టిన రిజల్యూషన్‌నే అది వాడుకుంటుంది. రెండో మానిటర్ పెట్టినా పలకదు. యూట్యూబ్ వీడియో ఆగి ఆగి వస్తుంది, ఆ సమయంలో టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ వాడకం ఎక్కడికో వెళ్లిపోతుంది, పాపం గ్రాఫిక్స్ చేయాల్సిన పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది కాబట్టి. స్లీప్ పెట్టే ఆప్షన్ కూడా మాయమవుతుంది. "కంప్యూటర్ స్లో అయింది, ర్యామ్ పెంచాలి" అని వచ్చే కేసుల్లో కొన్ని నిజానికి ఇవే. ర్యామ్ కొనే ముందు ఒక్కసారి డిస్‌ప్లే అడాప్టర్స్ వరస చూడండి.

ఇప్పుడు సరైన డ్రైవర్ ఏదో తెలుసుకోవాలి. పేరు తప్పు పడినా, పేరే లేకపోయినా, చిప్ తన నంబర్ తను చెప్తుంది. అదే ప్రాపర్టీస్ డబ్బాలో డీటెయిల్స్ అన్న పేజీకి వెళ్లి, కింద జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే ఒక పొడుగాటి వరస వస్తుంది. అందులో వెన్ అన్న అక్షరాల పక్కన ఉన్నది తయారీదారు నంబరు, డెవ్ పక్కన ఉన్నది చిప్ నంబరు. 8086 అంటే ఇంటెల్, 1978లో వాళ్లు తెచ్చిన 8086 ప్రాసెసర్ పేరే ఆ నంబరుగా మిగిలింది. 1002 అంటే ఏఎండీ. 10డీఈ అంటే ఎన్‌విడియా. మావయ్య మెషీన్లో 8086, దాని పక్కన డెవ్ 1912 అని ఉంది, అది హెచ్‌డీ గ్రాఫిక్స్ 530. ఎక్కించిన డ్రైవర్ మాత్రం డ్రైవర్ ప్యాక్ తనకి తోచింది తెచ్చి పెట్టినది.

ఈ డ్రైవర్ ప్యాకుల గురించి, ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల గురించి గట్టిగానే చెప్తాను. వాడొద్దు. అవి పనిచేసిన చోట విండోస్ తనంతట తనే ఆ పని చేసుకోగలదు, పనిచేయని చోట ఉన్నది చెడగొడతాయి, పైగా వాటితో పాటు మనం అడగని సాఫ్ట్‌వేర్లు, బ్రౌజర్లో యాడ్లు వచ్చి కూర్చుంటాయి. ఫార్మాట్ చేసిన మెషీన్‌కి ఇంటర్నెట్ లేనప్పుడు చేతిలో ఉన్న ప్యాక్ వేసేస్తే పని అయిపోతుందని రిపేరు కుర్రాళ్లు అనుకుంటారు, వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది, కానీ ఆ తొందరకి మావయ్యలాంటి వాళ్లు బోర్డు మార్చుకునే దాకా వెళ్తున్నారు.

సరైన చోటు ఏదంటే, మొదట మెషీన్ తయారు చేసిన కంపెనీ సైటు. కంప్యూటర్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు లేదా సర్వీస్ ట్యాగ్ ఉంటాయి. స్టిక్కర్ చెరిగిపోతే స్టార్ట్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని టైప్ చేస్తే మోడల్ పేరు వస్తుంది. ఆ నంబరు సైటులో ఇస్తే ఆ మెషీన్‌కి తగిన డ్రైవర్లు మాత్రమే చూపిస్తుంది. అక్కడ దొరకకపోతే రెండో చోటు చిప్ తయారు చేసినవాళ్ల సైటు, అంటే ఇంటెల్ లేదా ఏఎండీ. ఇక్కడ ఒక చిక్కుంది. 2022లో ఇంటెల్ తన 6 నుంచి 10వ తరం ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌ని పాత వరసగా వేరు చేసి, 11వ తరం, ఆపైవాటికి వేరే ప్యాకేజీ పెట్టింది. "అన్నిటికన్నా కొత్తది" అని తేదీ చూసి దించుకుంటే అది కొత్త తరాలది అవుతుంది, పాత మెషీన్లో ఇన్‌స్టాలర్ మధ్యలోనే ఆగిపోతుంది. వందల ఎంబీల ఫైలు ఫోన్ హాట్‌స్పాట్ మీద దించుకుని, అది పనికిరాదని తెలిస్తే ఎంత నీరసం వస్తుందో మా వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి దించే ముందే ఏ తరానిదో చదవండి.

తరం ఎలా తెలుస్తుందంటే ప్రాసెసర్ పేరులో ఐ5 తర్వాత వచ్చే అంకె చూడండి. 6500 అయితే ఆరో తరం, 8500 అయితే ఎనిమిదో తరం, 10500 అయితే పదో తరం.

డ్రైవర్ ఫైలు డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాక, కొత్తది వేసే ముందు పాతది తీసేయాలి. ఇంటర్నెట్ ముందు తీసేయండి, అది చాలా ముఖ్యం. మీరు పాత డ్రైవర్ తీసి రీస్టార్ట్ చేసే లోపు నెట్ ఉంటే విండోస్ అప్‌డేట్ తనకి తోచిన డ్రైవర్ తెచ్చి పెట్టేస్తుంది, మీరు వేసేది ఏది, అది వేసింది ఏది తెలియకుండా పోతుంది. తర్వాత డివైస్ మేనేజర్లో ఆ గ్రాఫిక్స్ మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్. అప్పుడు వచ్చే చిన్న డబ్బాలో డ్రైవర్ ఫైళ్లు కూడా తీసేయమనే టిక్ ఉంటుంది, అది తప్పకుండా పెట్టండి, లేకపోతే రీస్టార్ట్ అవ్వగానే అదే చెడ్డ డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. స్క్రీన్ ఒకసారి నల్లబడి తిరిగొస్తుంది, భయపడక్కర్లేదు. అంతకీ వదలకపోతే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, డీడీయూ అంటారు, దాన్ని సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే లేచే పద్ధతి) నడిపితే మూలమూలలా ఊడ్చేస్తుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లడానికి షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేయాలి, నీలం రంగు మెనూ వస్తుంది, అందులోంచి వెళ్లొచ్చు. డీడీయూ వాడే ముందు రీస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ని వెనక్కి తెచ్చుకునే గుర్తు) పెట్టుకోండి. మావయ్య మెషీన్‌కి అంత దూరం వెళ్లాల్సిన పని పడలేదు, టిక్ పెట్టి తీసేయడంతో శుభ్రమైంది.

యూపీఎస్ లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. మధ్యలో కరెంటు పోతే సగం వేసిన డ్రైవర్‌తో ఇంకో తలనొప్పి.

రీస్టార్ట్ చేసి, కంపెనీ సైటు నుంచి తెచ్చిన డ్రైవర్ వేశాం. త్రికోణం పోయింది. డిస్‌ప్లే అడాప్టర్స్‌లో ఇంటెల్ హెచ్‌డీ గ్రాఫిక్స్ 530 అని చక్కగా వచ్చింది. వీడియో ఆగకుండా ఆడింది. మావయ్య మొహం వెలిగింది. కానీ సున్న మాత్రం అలాగే ఉంది, పక్కకి పడుకోబెట్టిన కోడిగుడ్డులా. రిజల్యూషన్ జాబితా తెరిస్తే 1024 బై 768, 800 బై 600, ఇంకేవో ఉన్నాయి కానీ 1366 లేదు. నాకు ఈ పోస్టు రాయాలనిపించింది ఈ ఘట్టం వల్లే. ఇక్కడే చాలామంది "డ్రైవర్ పడలేదు" అనుకుని మళ్లీ మొదటికి వెళ్తారు, డ్రైవర్ మీద డ్రైవర్ వేస్తారు, చివరికి ఫార్మాట్. డ్రైవర్ పడింది. దానికి కావలసిన సమాచారం అందలేదు.

ఆ సమాచారం పేరు ఈడీఐడీ. ప్రతి మానిటర్లో ఒక చిన్న చిప్ ఉంటుంది, అందులో 128 బైట్ల చిన్న రికార్డు ఉంటుంది. నేను ఫలానా కంపెనీ మానిటర్ని, నా సొంత రిజల్యూషన్ ఇంత, ఇంత వేగం దాకా తట్టుకుంటాను అని అందులో రాసి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు గ్రాఫిక్స్ ఆ కేబుల్ మీదుగానే వెళ్లి అది చదువుకుంటుంది. చదవగలిగితే సరైన రిజల్యూషన్ ఇస్తుంది. చదవలేకపోతే మానిటర్‌కి హాని జరగకూడదని అందరికీ నప్పే 1024 బై 768 దగ్గర ఆగిపోతుంది. చదివిందా లేదా అన్నది డివైస్ మేనేజర్లోనే తెలుస్తుంది, మానిటర్స్ అన్న వరస విప్పి చూడండి. జెనెరిక్ పీఎన్‌పీ మానిటర్ అనో, మానిటర్ మోడల్ పేరో ఉంటే చదివినట్టు. జెనెరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్ అని ఉంటే చదవలేదు. మధ్యలో ఆ నాన్ అన్న చిన్న ముక్క చాలామంది కంటికి ఆనదు. మావయ్య మెషీన్లో నాన్ ఉంది.

ఇక దృష్టి కేబుల్ మీదికి మళ్లింది. చిన్న డెస్క్‌టాప్ వెనక ఉన్నవి డిస్‌ప్లేపోర్టులు, మావయ్య పాత మానిటర్‌కి ఉన్నది వీజీఏ ఒక్కటే. మధ్యలో ఒక కన్వర్టర్, దానికి ఎప్పటిదో వీజీఏ కేబుల్. డిస్‌ప్లేపోర్టులో వచ్చేది డిజిటల్ సిగ్నల్, వీజీఏకి కావలసింది అనలాగ్, కాబట్టి ఆ కన్వర్టర్లో చిప్ ఉంటుంది, ఉత్త తీగలు కలిపితే పనిచేయదు. ఆ చిప్ బొమ్మని అటు పంపడమే కాదు, మానిటర్ ఈడీఐడీని ఇటు తేవాలి. బొమ్మ వెళ్లే తీగలు వేరు, ఈడీఐడీ వచ్చే తీగలు వేరు. అందుకే బొమ్మ బాగానే వస్తూ కూడా ఈడీఐడీ రాకపోవచ్చు.

వీజీఏ కనెక్టర్‌ని ఫోన్ టార్చ్ వేసి దగ్గరగా చూడండి. ఐదేసి చొప్పున మూడు వరసలు, మొత్తం 15 సూదుల చోటు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వెళ్లేవి మొదటి వరసలో మొదటి మూడు. ఈడీఐడీకి వాడేవి మూడో వరసలో ఉన్న 12, 15. తొమ్మిదో సూది చాలా కేబుళ్లలో అసలే ఉండదు, దానికి కంగారు పడొద్దు. ఎరుపు తీగ తెగితే స్క్రీన్ మొత్తం నీలంగా ఆకుపచ్చగా కనిపించి ఎవరైనా పట్టేస్తారు. 12, 15 తెగితే రంగులన్నీ బాగుంటాయి, అందుకే కేబుల్ మీద ఎవరికీ అనుమానం రాదు. చవక కేబుళ్లలో సూదులు పైకి కనిపిస్తున్నా లోపల ఆ రెండిటికీ తీగే వేయని రకాలున్నాయి. మావయ్య కేబుల్లో సూదులన్నీ తిన్నగానే ఉన్నాయి, కంటికి ఏ లోపమూ కనబడలేదు. పక్కన జిరాక్స్ షాపు అన్నయ్య దగ్గర కేబుల్ అడిగి తెచ్చి పెట్టాం. మానిటర్స్ వరసలో నాన్ ఎగిరిపోయింది, రిజల్యూషన్ జాబితాలో 1366 బై 768 వచ్చింది, దాని పక్కన రికమెండెడ్ అని కూడా ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే సున్న ఎటు చూసినా మూడంగుళాలే. మావయ్య అప్పుడే ఆగి ఉన్న శుభలేఖ ఫైలు తెరిచి, కలశం దగ్గర జూమ్ చేసి చూసుకుని "ఆఁ, ఇదిరా" అన్నారు.

ఫార్మాట్ అన్నారు, బోర్డు అన్నారు. చివరికి పోయింది ఒక డ్రైవరూ ఒక కేబులూ.

కొందరికి 1366 బదులు 1360 బై 768 అని వస్తుంది, ఆరు చుక్కలు తక్కువ, అక్షరాల అంచులు కాస్త మసకగా ఉంటాయి. దానికీ కారణం ఉంది. 1366 ఎనిమిదితో భాగించబడదు. ఈడీఐడీలో రిజల్యూషన్ రాసే ఒక పొట్టి పద్ధతిలో వెడల్పుని ఎనిమిది గుణిజాల్లోనే రాయగలం, కాబట్టి అక్కడ 1366 అని రాయడం కుదరదు, దానికి దగ్గర్లో ఉన్న 1360 లాంటివే పడతాయి. వివరంగా రాసే పద్ధతి కూడా ఉంది, అందులో 1366 పడుతుంది. వీజీఏ మీద 1360 వచ్చిందంటే మానిటర్ మెనూలో ఆటో అడ్జస్ట్ కొట్టి చూడండి, డీటీపీ పనికి పెద్ద ఇబ్బంది ఉండదు.

రంగుల సంగతి డీటీపీ వాళ్లకి చాలా ముఖ్యం. హెచ్‌డీఎంఐ మీద పెట్టాక నలుపు బూడిద రంగులోకి వెళ్లి, అన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తే డ్రైవర్ చెడిపోలేదు. టీవీల కోసం వాడే లిమిటెడ్ రేంజ్ అని ఒకటి ఉంది, అందులో నలుపు 0 దగ్గర కాకుండా 16 దగ్గర మొదలవుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్లో డిస్‌ప్లే సెట్టింగుల్లో క్వాంటైజేషన్ రేంజ్ అని ఉంటుంది, దాన్ని ఫుల్ చేయండి. టీవీనే మానిటర్‌గా వాడుతుంటే, టాస్క్‌బార్ సగం కింద తెగిపోతుంటే, అది కూడా టీవీ సెట్టింగే, టీవీ మెనూలో పిక్చర్ సైజ్ దగ్గర జస్ట్ స్కాన్ లాంటి పేరుతోనో పీసీ మోడ్ పేరుతోనో ఉంటుంది.

పని మధ్యలో స్క్రీన్ హఠాత్తుగా నల్లబడి, పాటలు మాత్రం వినిపిస్తూ ఉంటే బటన్ నొక్కి ఆపేయకండి, సేవ్ చేయని పని పోతుంది. విండోస్ బటన్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. చిన్న బీప్ వచ్చి డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లు అలాగే ఉంటాయి. నిన్నటిదాకా బాగుండి ఏదో అప్‌డేట్ తర్వాత మొదలైందంటే డివైస్ మేనేజర్లో డ్రైవర్ పేజీలో రోల్ బ్యాక్ డ్రైవర్ అన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే పాతది తిరిగొస్తుంది. ఇంకోటి, రెండు చివరలా డిస్‌ప్లేపోర్టే ఉన్న కేబుల్ పెట్టాక కంప్యూటర్ ఆన్ అవ్వడానికే మొరాయిస్తుంటే కేబుల్ మార్చి చూడండి. ఆ కేబుల్లో 20వ సూదికి తీగ ఉండకూడదు. కొన్ని నాసిరకం కేబుళ్లలో వేసేస్తారు, దాంతో మానిటర్ నుంచి 3.3 వోల్టులు కంప్యూటర్లోకి వెనక్కి వచ్చి ఇలాంటి విచిత్రాలు జరుగుతాయి.

విండోస్‌కి బదులు లైనక్స్ వాడేవాళ్లు ఇప్పుడు మా వైపు కూడా పెరిగారు, గుణుపురంలో నా స్నేహితుడి కోచింగ్ సెంటర్లో అన్నీ ఉబుంటూ (లైనక్స్‌లో ఒక రకం) పెట్టిన చిన్న డెస్క్‌టాప్‌లే. అందులో ఒకటి ఇలాగే 1024 దగ్గర ఇరుక్కుంది. లైనక్స్‌లో ఇంటెల్ డ్రైవర్ కెర్నల్‌లోనే, అంటే దాని గుండెకాయలోనే, ఉంటుంది, విడిగా వేసేదేం ఉండదు, మరి ఎందుకు రాలేదు? సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీ చూస్తే గ్రాఫిక్స్ దగ్గర ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంది, అంటే బొమ్మంతా ప్రాసెసరే గీస్తోంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు సేఫ్ గ్రాఫిక్స్ అన్న వరస ఎంచుకున్నారు, దాంతో నోమోడ్‌సెట్ అనే మాట బూట్ సెట్టింగుల్లో ఉండిపోయింది. కెర్నల్‌లో ఉన్న గ్రాఫిక్స్ డ్రైవర్‌ని ముట్టుకోవద్దని చెప్పే మాట అది. ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్ లోపల గ్రబ్ అనే ఫైలు తెరిచి ఆ ఒక్క మాట తీసేసి, అప్‌డేట్ గ్రబ్ కమాండ్ నడిపి, రీస్టార్ట్ చేస్తే సరిపోయింది.

కొత్తగా రీఫర్బిష్డ్ కొనేవాళ్లకి ఒక మాట. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11ని ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. కాబట్టి కాస్త ఎక్కువైనా 8వ తరం లేదా ఆపైదే తీసుకోండి, డ్రైవర్ల గొడవ కూడా తక్కువ. మీ మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే వెనక వీజీఏ పోర్టున్న మోడల్ దొరుకుతుందేమో ముందే అడగండి, కన్వర్టర్ అక్కర్లేకుండా పోతుంది.

ఏ కారణం చేతైనా ఫార్మాట్ తప్పదనుకుంటే, దానికి ముందు ఈ పని చేయండి. విండోస్‌లో పీఎన్‌పీయుటిల్ అనే కమాండ్ ఉంది, దానికి ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అన్న ఆప్షన్ ఇచ్చి ఒక ఫోల్డర్ పేరు చెప్తే, విండోస్‌తో రాకుండా విడిగా పడిన డ్రైవర్లన్నీ ఆ ఫోల్డర్లోకి కాపీ చేస్తుంది. ఆ ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫార్మాట్ అయ్యాక డివైస్ మేనేజర్లో అప్‌డేట్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే, నెట్ లేకపోయినా మీ మెషీన్ డ్రైవర్లు మీకే తిరిగొస్తాయి. మావయ్యకి అలా ఒక పెన్‌డ్రైవ్ చేసి ఇచ్చాను, అందులో డ్రైవర్లతో పాటు ఆయన తెలుగు ఫాంట్లు, ఒడియా కీబోర్డు సాఫ్ట్‌వేర్, మోడల్ నంబరు రాసిన చిన్న ఫైలు కూడా ఉన్నాయి. ఇకమీదట మెషీన్ రిపేరుకి ఇస్తే ఆ పెన్‌డ్రైవ్ కూడా ఇచ్చి, డ్రైవర్లు ఇందులోంచే వేయండి అని చెప్పమన్నాను.